రమేష్ అడుగుకు దొరికిన పాట

బహ్రెయిన్‌లో, మహూజ్‌లోని మా దుకాణం టైల్స్ పాతవి, కొన్ని ఊగుతాయి కూడా. ఎవరు నడిచినా చప్పుడు లోపలిదాకా వినిపిస్తుంది. మొన్న సాయంత్రం ఒక అమ్మాయి చెప్పులు టకటకమంటుంటే, ఆమె వెనకే కాళ్ళీడ్చుకుంటూ ఒక అబ్బాయి వచ్చాడు. పెళ్ళి విందులో తాము చేసే ఫస్ట్ డాన్స్‌కు పాట కావాలన్నారు. నేను వాళ్ళ మొహాలు వదిలేసి కాళ్ళ వంక చూస్తున్నాను. ఈ అలవాటు నాది కాదు, గౌస్ భాయ్‌ది. ఈ దుకాణం ఆయనదే, నాకప్పగించి వరంగల్ వెళ్ళిపోయి మూడేళ్ళయింది. అలవాట్లూ నాకు అంటించి పోయాడు.

పెళ్ళిళ్ళకూ పుట్టినరోజులకూ మైకులు, స్పీకర్లు అద్దెకిచ్చి పాటలు పెట్టడం ఆయన పని. నేను జగిత్యాల దగ్గరి పల్లె నుంచి ఆయన వ్యాను నడపడానికి వచ్చాను. నేనున్నది బహ్రెయిన్ అని ఎన్నిసార్లు చెప్పినా మా ఊళ్ళో నన్ను దుబాయి లింగం అనే అంటారు. వ్యాను నడుపుతూనే వైర్లు కలపడం, పాటలు పెట్టడం నేర్చుకున్నాను. రెండేళ్ళు తిరిగేసరికి అన్నీ వచ్చేశాయన్న పొగరు కూడా వచ్చింది. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. గౌస్ భాయ్ మాత్రం అంత అనుభవం ఉండి కూడా, చివరిదాకా వినకుండా ఏ పాటనూ పెళ్ళిలో పెట్టేవాడు కాదు. "మొదటి చరణంల నవ్వుతరు, మూడో చరణంల విడిపోతరు. పెండ్లిల గా మూడోది కూడ మోగుతది లింగం" అనేవాడు. నాకు విసుగ్గా ఉండేది.

ఆ రోజుల్లోనే రమేష్, సుజాత వచ్చారు. రమేష్‌ది కరీంనగర్ దిక్కు. అస్కర్‌లో ఒక కాంట్రాక్టరు దగ్గర క్రేన్ నడిపేవాడు. పనిలో ఎడమ కాలు విరిగింది. అతికింది గానీ కాస్త పొట్టిదైంది. కాలికి కసరత్తులు చేయించుకోవడానికి వెళ్ళిన క్లినిక్‌లోనే కాకినాడ అమ్మాయి సుజాత నర్సు. రెండిళ్ళ వాళ్ళూ ఒప్పుకున్నారు. పెళ్ళి ఇక్కడే, మహూజ్‌లో ఒక హాల్లో. పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ ముందు డాన్స్ చేసేదాకా తమ దగ్గర ఎవరూ కుర్చీలోంచి లేవరని తోటి ఫిలిప్పీన్స్ నర్సులు చెప్పారట. సుజాతకు ఆ మాట మనసుకు పట్టింది. రమేష్ ఆమె కోసం సరేనన్నాడు. ఆ రోజు గౌస్ భాయ్ ముహర్రక్‌లో వేరే పని మీద ఉన్నాడు. పాట నేనే ఎంచేద్దామనుకున్నాను.

లేబర్ క్యాంపుల వాళ్ళందరూ అడిగే హుషారు పాట ఒకటి పెట్టాను. రమేష్ నాలుగడుగులు వేసి తడబడ్డాడు. "పాట మంచిగ లేదన్నా" అన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది అని మనసులో అనుకున్నాను. ఆ మాట ఇప్పుడు తలచుకున్నా సిగ్గేస్తుంది. తర్వాత ఇంకా తెలివైన పని చేశాను. అదే పాటను మిషన్‌లో నెమ్మది చేసి, అతని కాలు అందుకునేలా సాగదీసి పెట్టాను. రమేష్ రెండడుగులకే ఆగాడు.

"నా కోసం పాటను కుంటిదాన్ని చేసినవా అన్నా?"

నేను పాట ఆపేశాను. అతను సుజాత వైపు తిరిగి, "డాన్స్ వద్దు. కుర్చీల కూసుంట, ఫోటోలు దిగుదాం, ఖలాస్" అని బయటికి నడిచాడు. సుజాత తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగింది. "ఆ రోజు కూర్చున్నారంటే ఈయన ఇంక ఎక్కడికీ లేవరండి. ఇప్పటికే బజారుకెళ్తే నాకు పదడుగులు వెనకాల నడుస్తున్నారు, మేమిద్దరం కలిసి వచ్చామని ఎవరికీ తెలియకూడదని" అంది. కోప్పడి ఉంటే బాగుండేది.

జరిగింది గౌస్ భాయ్‌కి చెప్పాను. తిట్టలేదు. తిట్టకపోవడం ఇంకా కష్టంగా అనిపించింది. "ఆని కాలు సూసి జాలిపడ్డవ్. ఆని నడక సూసినవా? పాటకు కాలును వంచొద్దు, కాలుకు తగ్గ పాట ఎతకాలె. యల్లా, జల్ది ఆనికి ఫోన్ కొట్టు" అన్నాడు.

రమేష్ రానన్నాడు. సుజాతే ఆ శుక్రవారం లాక్కొచ్చింది. గౌస్ భాయ్ చాయ్ ఇచ్చి, "బేటా, జర తలుపు కాన్నుంచి గోడ దాక నడువు" అన్నాడు. రమేష్ మొహం గంటు పెట్టుకుని నడిచాడు. గౌస్ భాయ్ కళ్ళు మూసుకుని పక్కనున్న ఖాళీ స్పీకర్ పెట్టె మీద వేళ్ళతో తట్టసాగాడు. ఒక దెబ్బ పొడుగు, ఒకటి పొట్టి. మళ్ళీ నడవమన్నాడు, మళ్ళీ తట్టాడు. ఆ పెట్టె మీదికొచ్చాక అది కుంటడంలా లేదు, తాళంలా ఉంది.

"ఇది నాకు తెలిసిన చప్పుడే అంకుల్. క్లినిక్ వరండాలో ఇది వినపడగానే జుట్టు సర్దుకునేదాన్ని" అంది సుజాత.

రమేష్ తలెత్తి ఆమెను చూశాడు. ఆ సంగతి అతనికి అప్పటిదాకా తెలియదు.

ఆ తట్టుడు వింటుంటే నాకు మా అమ్మ గుర్తొచ్చింది. వరినాట్లు వేసేటప్పుడు ఆడవాళ్ళు వెనక్కి నడుస్తారు. ఒక కాలు దిగుతుంది, రెండోది బురదలో ఆగి, మెల్లగా ఊడి వస్తుంది. ఆ ఆగడంలోంచే పాట సాగుతుంది. తెలియకుండానే కూనిరాగం తీశాను. గౌస్ భాయ్ వేళ్ళు ఆ రాగాన్ని పట్టుకున్నాయి.

"ఇది మా అమ్మ గుడ పాడ్తది" అన్నాడు రమేష్. వెంటనే మొహం ముడుచుకున్నాడు. "పెండ్లిల నాట్ల పాటనా? నవ్వుతరు భాయ్."

"నవ్వనీ. నవ్వినోన్ని గా అడుగు ఏసి సూపియ్యమను" అన్నాడు గౌస్ భాయ్.

రమేష్ వాళ్ళమ్మ ఊరి నుంచి ఫోన్‌లో పాడి పంపింది. గౌస్ భాయ్ దాని కింద చిన్న డప్పు దరువు కలిపాడు, అంతే. మధ్యమధ్య ఆమె ఊపిరి పీల్చే చప్పుడు తీసేయబోతే నా చెయ్యి పట్టుకున్నాడు. "గది ఉండనీ. కొడుకు గక్కడనే కాలు ఎత్తుతడు" అన్నాడు.

పెళ్ళి రోజు హాల్లో ఆ గొంతు మొదలైంది. రమేష్ కాలు దించాడు, ఆగాడు, ఎత్తాడు. సుజాత అతని చేతులు పట్టుకుని, అతను ఆగినచోట తనూ ఆగుతూ వెనక్కి అడుగులేసింది. రెండో చరణానికి అస్కర్ క్యాంపు నుంచి వచ్చిన దోస్తులు లేచారు. అదేదో కొత్త స్టైల్ అనుకున్నారేమో, వాళ్ళూ ఒక కాలు దించి, ఆగి, రెండోది ఎత్తడం మొదలుపెట్టారు. నర్సులు కలిశారు, పెద్దవాళ్ళు కలిశారు. కాసేపటికి హాలంతా అదే అడుగు. అందులో విరిగిన కాలు ఎవరిదో కొత్తగా వచ్చినవాడు చెప్పలేడు. గౌస్ భాయ్ కళ్ళు తుడుచుకున్నాడు. నేను తుడుచుకోలేదు, ఏడ్చేశాను.

తర్వాత ఒకసారి ఆ ఇద్దరూ బజారులో కనిపించారు. రమేష్ ముందు నడుస్తున్నాడు. "కాస్త నెమ్మదిగా నడవండి" అని సుజాత వెనక నుంచి అరుస్తోంది. ఆ సంగతి ఫోన్‌లో చెబితే గౌస్ భాయ్ చాలాసేపు నవ్వాడు.

మొన్న వచ్చిన అబ్బాయి ఫోన్ తీసి ఒక వీడియో చూపించాడు. ఎవరిదో పెళ్ళి, నాకు తెలియనివాళ్ళు, కానీ అందరూ ఒక కాలు దించి, ఆగి, రెండోది ఎత్తుతున్నారు. "అన్నా, మాకు గీ అడుగే కావాలె. మస్తుగుంది. యాడ పుట్టిందో ఏమో" అన్నాడు.

"అది ఒకాయన నడక తమ్మీ. మీది నేనింక సూడలే. జర తలుపు కాన్నుంచి గోడ దాక నడువుండ్రి ఇద్దరు" అన్నాను.

వాళ్ళు ఒకరినొకరు చూసుకుని, నవ్వుకుంటూ తలుపు దగ్గరికి వెళ్ళారు. నేను ఖాళీ స్పీకర్ పెట్టెను దగ్గరికి లాక్కుని కళ్ళు మూసుకున్నాను.