కూడితే ఎనిమిది

బండెక్కే ముందు ఎవరైనా తలుపెక్కడుందో చూస్తారు. కూడికలాయన నెంబరు ప్లేటు చూస్తాడు. అంకెలన్నీ కూడి, వచ్చింది మళ్ళీ కూడి, ఒక్క అంకె మిగిలేదాకా వదలడు. ఆ మిగిలింది ఎనిమిదైతే అది ఆయన లెక్కలో శవాలబండే. తనెక్కడు, పెళ్ళాన్ని ఎక్కనివ్వడు.

ఆ పెళ్ళాం చదువు అంకెలు గుర్తుపట్టడం దగ్గరే ఆగిపోయింది. బస్సు నెంబరు చదువుకోగలదు, అంతవరకే. ఇంట్లో కూడికలు ఆయన పని, తిట్లు ఆవిడ పని. కాపురం అలా గడిచిపోయింది.

ఓసారి ఆవిడ స్నానాలగదిలో జారి మడమ విరగ్గొట్టుకుంది. అంబులెన్సు వచ్చింది. ఆవిడ స్ట్రెచర్ మీద మూలుగుతుంటే ఈయన బండి ముందు నిలబడి వేళ్ళు ముడుస్తున్నాడు.

"ఏమండీ, నేను పోయాక తీరిగ్గా కూడుకుందురుగాని!"

"ఉండవే. పందొమ్మిదొచ్చింది. ఒకటీ తొమ్మిదీ పది, పదంటే ఒకటి. దివ్యంగా ఉంది, ఎక్కు."

"ఎక్కడానికి కాలుండాలిగా!"

ఇంటికెవరైనా వస్తే కాఫీ కంటే ముందు దేశదేశాల ప్లేట్ల కథలు పోస్తాడు. ఒక దేశంలో అంకెల బదులు ఎవరి పేరు వాళ్ళు రాయించుకోవచ్చట. ఇంకో దేశంలో ఒంటి అంకె ప్లేటు కోసం వేలంపాటలో ఇళ్ళు కొనేంత సొమ్ము తగలేస్తారట. మరో దేశంలో బండి అమ్మేసినా నెంబరు వదలదట, మనిషినే పట్టుకుని ఉంటుందట.

"పాపం," అంది ఆవిడ వంటింట్లోంచి. "అక్కడ నెంబర్లకి కూడా పెళ్ళిళ్ళు చేస్తారన్నమాట."

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. ఆవిడ నవ్వు చచ్చింది అన్నయ్య కారు దగ్గర.

పుట్టింటి వైపు ఆవిడకి మిగిలింది ఆ అన్నయ్య ఒక్కడే. లెక్కల ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. అవగానే కారు కొని, పైన ఇంకాస్త కట్టి మరీ ముచ్చటపడ్డ నెంబరు తీసుకున్నాడు: ఏడు, రెండు, ఏడు, రెండు. ఆదివారమొస్తే చెల్లెల్నీ బావనీ ఊరంతా తిప్పేవాడు. కూడికలాయన ముందు సీట్లో దొరలా కూర్చునేవాడు.

ఒక ఆదివారం ఆవిడకి జ్వరమొచ్చి ఇంట్లో పడుకుంది. మగవాళ్ళిద్దరే వెళ్ళారు. సాయంత్రం మొగుడు కాలినడకన తిరిగొచ్చాడు.

"మీ అన్నయ్య కారు ఎనిమిదేనే. ఇన్నాళ్ళూ తప్పుగా కూడాను. ఇక ఆయన దాన్ని తియ్యకూడదు, మనం ఎక్కకూడదు."

ఇంట్లో అని ఊరుకుంటేనా! అన్నయ్య కొడుక్కి చెప్పాడు, కోడలికి చెప్పాడు, కారు బాగుచేసే మెకానిక్కి కూడా చెప్పొచ్చాడు. అందరూ పగలబడి నవ్వారు. అన్నయ్య నోరెత్తకుండా కారుకి ముసుగేసేశాడు. ఆ తర్వాత చెల్లెలి గడప తొక్కలేదు.

"ఒక్కగానొక్క అన్నయ్యని దూరం చేశారు. మీ వేళ్ళు విరగ!" అంది ఆవిడ. అప్పట్నుంచీ ఆవిడ ఆయనకి అన్నమైతే వడ్డించేది గానీ మాట వడ్డించేది కాదు.

చివరికి ఉండబట్టలేక ఒంటరిగా బస్సెక్కి అన్నయ్య ఇంటికెళ్ళింది. గంట కొడితే తలుపు ఎంతకీ తెరుచుకోలేదు. పక్కనే ముసుగులో కారు. కొంప ముంచిన అంకెల్ని కళ్ళారా చూసి తిడదామని ముసుగెత్తింది. కసికొద్దీ వేళ్ళ కణుపుల మీద కూడింది. పద్దెనిమిదొచ్చింది. ఒకటీ ఎనిమిదీ తొమ్మిది. మళ్ళీ కూడింది. మళ్ళీ తొమ్మిదే.

తలుపు తెరుచుకుంది. "ఎవరూ?" అన్నాడు అన్నయ్య, ఆవిడ ముఖంలోకే చూస్తూ.

"నేనే అన్నయ్యా! ఇది ఎనిమిది కాదు, తొమ్మిది! ఆ మహానుభావుడు నీకు అబద్ధం చెప్పాడు!"

అన్నయ్య గోడ తడుముకుంటూ మెట్టు మీద కూర్చున్నాడు. "అరవకే. ఉద్యోగమంతా కూడికలే చేశాను, తొమ్మిదని నాకు తెలీదా?"

"మరి?"

"ఆ రోజు సైకిల్ మీద ఒక పిల్ల అడ్డమొచ్చింది. నాకు కనపడలేదే. బావ స్టీరింగు లాగేశాడు కాబట్టి బతికిపోయింది. బావ ఒక్క మాటనలేదు. దిగి, ప్లేటు ముందు నిలబడి, వేళ్ళు ముడిచి, 'కొంప మునిగింది బావగారూ, ఎనిమిది' అన్నాడు."

ఆవిడ వచ్చి అన్నయ్య పక్కనే మెట్టు మీద కూలబడింది.

"కళ్ళు పోతున్నాయని తెలిస్తే ఇంట్లో నన్ను మూల కూర్చోబెడతారని భయం. ఇప్పుడు చూడు, అందరూ బావ పిచ్చికి నవ్వుతున్నారు, నా మీద ఎవరూ జాలిపడట్లేదు. నువ్వు దాన్ని తొమ్మిది చెయ్యకే, దణ్ణం పెడతా."

"నాకైనా చెప్పొచ్చుగా ఇద్దరూ!"

"నీకు చెప్పడమంటే వీధిలో దండోరా వేయించడమే."

"మరి మా ఇంటికి రావడం ఎందుకు మానేశావు?"

"బస్సు నెంబరు కనపడొద్దూ?"

మర్నాడే మొగుణ్ణి వెంటేసుకుని వెళ్ళి, కంటి డాక్టరు దగ్గరికి అన్నయ్యని బయల్దేరదీసింది. కోడలు అడిగితే, "నా కళ్ళకే అమ్మా. మసకగా ఉంటున్నాయి. తోడుగా వస్తున్నాడు," అంది.

టాక్సీ వచ్చింది. కూడికలాయన అలవాటుగా బండి ముందుకి నడవబోయాడు. ఆవిడ అడ్డంగా నిలబడి తనే వేళ్ళు ముడవడం మొదలుపెట్టింది. "రెండూ ఒకటీ మూడు... మూడూ నాలుగూ ఏడు... ఏడూ ఒకటీ..."

ఆగింది. వెనక తలుపు పిడి కోసం అన్నయ్య గాలిలో తడుముకుంటున్నాడు.

"ఎంతే?" అన్నాడు మొగుడు.

"తొమ్మిది. ఎక్కండి."

ఆయన ప్లేటు వైపు చూశాడు. పెళ్ళాం వైపు చూశాడు.

"ఒకటి ఎక్కువేశావే," అని గొణిగి, బావగారి చెయ్యి పట్టుకుని ఎక్కించి, పక్కనే కూర్చున్నాడు.