జానెడు ఎత్తున నాయిన

అప్పట్లో మా బాన్సువాడ వైపు ఇంట్లో లగ్గం ఉందంటే మనుషులకంటే ముందు గోడ ముస్తాబయ్యేది. వాకిటి గోడకు తెల్లగా సున్నం వేసి, తలుపుకు ఒకవైపు వినాయకుణ్ణి, ఇంకోవైపు రెండు చిలకల్ని గీసి, పైన సుస్వాగతం, కింద పిల్లా పిల్లగాని పేర్లు రాయించేవాళ్లు. బొమ్మ ఎలా కుదిరిందన్న పట్టింపు ఎవరికీ ఉండేది కాదు. వినాయకుడికి తొండం ఉంటే చాలు. ఇప్పుడు ఆ గోడల పని ఫ్లెక్సీలు చేస్తున్నాయి. ఫ్లెక్సీల మీద నాకు కోపం ఉంది, కానీ అంతకంటే పాత కోపం ఇంకొకటి ఉంది కాబట్టి ముందు అది చెప్తాను.

నేనప్పుడు ఒక ప్రైవేటు బడిలో డ్రాయింగు మాస్టర్ని. (డ్రాయింగు పీరియడ్ ఎప్పుడూ లెక్కల సారే తీసుకునేవాడు, నేను స్టాఫ్ రూములో కూచునేవాణ్ణి.) హైదరాబాద్ పోయినప్పుడు ఫుట్‌పాత్ మీద ఒక పాత పుస్తకం దొరికింది, ఒక యూదు చిత్రకారుడి జీవితం, బొమ్మలు. ఆయన పేరు మా ఇంట్లో ఎవరికీ నోరు తిరగలేదు. అక్క ఆయన్ని 'యూదుల తాత' అనేది. ఎక్కడో తూర్పు యూరప్‌లో బురద వీధుల చిన్న ఊళ్లో పుట్టాడు. తండ్రి గుర్రాలకు నాడాలు కొట్టేవాడు. మనిషి బొమ్మ గీయడం పాపమని వాళ్ల తాత చేతిలోని బొగ్గు లాక్కునేవాడట. పెద్దయ్యాక ఈయన సముద్రం దాటిపోయాడు. తర్వాత యుద్ధం వచ్చింది. ఊళ్లో మిగిలిన యూదులందర్నీ, వాళ్లు యూదులైనందుకే, చంపేశారు. తండ్రి, తల్లి, చెల్లెళ్లు, పెళ్లంటే పిలవాల్సిన చుట్టాలు, ఎవరూ మిగల్లేదు. అప్పటినుంచి ఆయన చచ్చేదాకా ఒకే బొమ్మను మళ్లీ మళ్లీ వేశాడు. ఆ ఊళ్లో ఒక పెళ్లి. పోయినవాళ్లంతా వచ్చి ఉంటారు, ఒకాయన ఫిడేలు వాయిస్తుంటాడు, ఒకామె రొట్టెలు తెస్తుంటుంది. బతికున్నవాళ్ల కాళ్లు నేలమీద ఉంటాయి, పోయినవాళ్ల కాళ్లు జానెడు ఎత్తున ఉంటాయి. తేడా అంతే. దాని గురించి పుస్తకం రాసినాయన రెండు పేజీలు ఏవేవో పెద్ద మాటలు రాశాడు. నాకు అవి అక్కర్లేకపోయాయి, ఆ జానెడు చాలింది.

ఒక పెళ్లి హాలువాళ్లు ఆయనతో గోడమీద ఆ బొమ్మే వేయించుకుని, చూడగానే బెదిరిపోయి, దానిముందు తెర కట్టారట. అది చదివి నేను మండిపడ్డాను. ఎంత కుసంస్కారం! మనవాళ్లయితే ఇలా చేయరు, మనం లగ్గానికి ముందు పెద్దలకు కొత్తబట్టలు పెట్టి పేరుపేరునా పిలుచుకునే జాతి, అని అక్కకు గంటసేపు చెప్పాను.

అక్క లగ్గం కుదిరిన కొద్ది రోజులకే మా నాయిన పోయాడు. ఊళ్లో ఎవరింట్లో పెళ్లైనా పప్పుచారు బకెట్ పట్టుకుని పంక్తి చివరిదాకా వడ్డించేది ఆయనే. చాలు చాలు అని చేతులు అడ్డం పెట్టినా వేళ్ల సందుల్లోంచి పోసేవాడు. లగ్గం వాయిదా వేసి ఏడాది తర్వాత పెట్టుకున్నారు. గోడ ఎవరితో గీయిద్దామన్న మాట వచ్చినప్పుడు అక్క, "తమ్మి ఉండంగ పైసలు పెట్టి వేరేటోన్ని పిలుసుడేంది?" అంది. రాత్రి అన్నం తింటూ నా వైపు చూడకుండా ఇంకో మాట అంది. "నాయిన ఉంటే మంచిగుండు తమ్మీ. నాకేం వద్దు గానీ, గా బకెట్ పట్కొని ఆయన తిరుగుడు జూడాలె."

అంతే, వేశాను. వినాయకుడు, చిలకలు ఎవరి చోట వాళ్లున్నారు. చిలకల పక్కన పంక్తి, ఆకులు, తినే జనం. మధ్యలో నాయిన, తలకు రుమాలు, చేతిలో బకెట్, లోపలికి వంగిన కుడికాలి బొటనవేలుతో సహా. కాళ్లు నేలకు జానెడు ఎత్తున. అక్క చూసి పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో తెలీదు.

లగ్గం పనులు మాట్లాడేందుకు బిచ్కుంద నుంచి కాబోయే బావ తండ్రి వచ్చాడు. మీసాలు పెద్దవి కాబట్టి మేమాయన్ని మీసాల మామ అనేవాళ్లం. చెప్పులు విడుస్తూ గోడవైపు చూసి, ఒక చెప్పు కాలికి అట్లాగే ఉండగా ఆగిపోయాడు.

"గీయిన ఎవలు?"

"మా నాయిన," అన్నాను గర్వంగా.

"ఆయన పోయిండు గద?"

"పోయిండు."

"మరి లగ్గంల ఏం జేస్తుండు?"

"వడ్డిస్తుండు."

"సచ్చినాయన వడ్డిస్తే మేం తినాల్నా! గిది లగ్గమా, దినాలా? కాళ్లు సుత నేలకు ఆనలేదు. దయ్యం లెక్క లేపినవేందిరా పిల్లగా?"

నేను నోరు తెరిచి యూదుల తాత గురించి, యుద్ధం గురించి, ఆయన చెల్లెళ్ల గురించి చెప్పబోయాను. "ఆ తాత కూడా సచ్చిండా?" అన్నాడు మామ. సచ్చిండని ఒప్పుకోవాల్సి వచ్చింది. "చూస్తివా?" అన్నాడు, అదేదో నా మీదే రుజువైనట్టు. ఆ గోడ అలా ఉంటే మా పిల్లగాడు ఈ వాకిట్లకు రాడని తేల్చేశాడు. అక్క తలుపు వెనకే ఉంది.

ఇక మా చిన్నాయిన రంగంలోకి దిగాడు. నాయిన తమ్ముడు, నాయిన పోయాక మా ఇంటికి పెద్దదిక్కు, ఏ పెళ్లిలోనూ మొదటి పంక్తి వదలని మనిషి. గోడ ముందు మంచం వేయించి మామను కూచోబెట్టి, నా బొమ్మను కందిచేను బేరం ఆడినట్టు బేరం పెట్టాడు. "దండ ఏద్దాం బావా." "దండ ఏస్తే పక్కా సచ్చినట్టే." "అయితే బకెట్ తీసి చేతుల గొడుగు పెడదాం." "సచ్చినాయనకు గొడుగెందుకు?" "కాళ్లు కిందికి దింపుదాం." అప్పుడు నేను అడ్డం పడ్డాను. కాళ్లు దింపితే ఆయన బతికున్నట్టవుతుంది, అది అబద్ధం అన్నాను. "రంగుల బొమ్మల నిజమేందిరా!" అని చిన్నాయిన నామీద అరిచి, కాసేపు గడ్డం గోక్కుని, "పోనీ, జర మీసం పెట్టి నా లెక్క చెయ్యి. నేను బతికే ఉన్న గద," అన్నాడు. జీవితంలో ఒక్క విస్తట్లో ఒక్క గరిటె వడ్డించని మనిషి! నా ఒళ్లు మండిపోయింది. బ్రష్షు అక్కడే పడేసి లోపలికి పోయాను. (నాకు వెనక నుంచి టీ పంపారు. తాగలేదు. చల్లారాక తాగాను.)

తెల్లారేసరికి చిన్నాయిన లుంగీ ఎగ్గట్టి సున్నం బకెట్‌తో గోడముందున్నాడు. కూలీనైనా పిలవలేదు. తలరుమాలు పోయింది, ముఖం పోయింది, బకెట్ పోయింది. సగం పనిలో ఆగి బీడీ తాగాడు, మళ్లీ మొదలుపెట్టాడు. అక్క తలుపు దగ్గర నిలబడి, "పోనీ తియ్ తమ్మీ," అంది. అది నన్ను ఓదార్చడానికే. ఆ మాటకు నా కోపం ఇంకా పెరిగింది. యుద్ధాలు చేసినవాళ్లూ, తెరలు కట్టినవాళ్లూ, మా చిన్నాయినా నాకు ఒకే వరసలో కనిపించారు.

లగ్గం బాగానే జరిగింది. ఆల్బమ్ వచ్చాక చూస్తే, అక్కా బావా గోడముందు నిలబడ్డ ఫోటోలో వాళ్ల వెనక అడుగున రెండు పాదాలున్నాయి. నేలకు జానెడు ఎత్తున, కుడి బొటనవేలు లోపలికి వంగి. సున్నం కొట్టిన రోజు అక్కడ నీళ్ల డ్రమ్ము ఉండడం వల్ల ఆ ముక్క తప్పించుకుందన్నమాట. "మా అత్తగారి గోడకు కాళ్లు మొలిచినయ్," అని బావ వచ్చినవాళ్లందరికీ చూపించేవాడు. అక్క మాత్రం ఆ పేజీ రాగానే టీ పెట్టడానికి లేచేది. నేను ఆ డ్రమ్ముకు మనసులో దండం పెట్టుకుని, చిన్నాయినతో మాటలు తగ్గించేశాను. అవసరానికి రెండు, పండక్కి రెండు.

పోయిన ఏడాది అక్క కూడా పోయింది. మొన్న ఆమె బిడ్డ లగ్గం. బాన్సువాడలో ఫ్లెక్సీ దుకాణానికి వెళ్తే, నాకంటే ముందే చిన్నాయిన కర్ర ఆనించుకుని స్టూలు మీద కూచుని ఉన్నాడు. కంప్యూటర్లో మబ్బులు. మబ్బుల మధ్య మా నాయిన పాస్‌పోర్టు ఫోటో, పక్కన అక్క, ఇద్దరి తలల వెనకా వెలుగు. "మా అన్నను ఇంకా జర పైకి గుంజు," అని చిన్నాయిన ఆర్డర్లు వేస్తున్నాడు.

ఇన్నేళ్లు దాచుకున్నది ఆపుకోలేకపోయాను. "జానెడు ఎత్తున ఉంటే దయ్యమన్నరు. ఇప్పుడు మబ్బులల్ల తేలిస్తే దేవుడా? ఆనాడు సున్నం కొట్టిందెవరు?"

"నేనే," అన్నాడు ఆయన తెరమీంచి చూపు తిప్పకుండా. "మరి బోరు కాడున్న డ్రమ్ము గోడ కాడికి ఎట్లొచ్చిందిరా? నడిసొచ్చిందా?"

నేను ఇంకో స్టూలు లాక్కుని కూచున్నాను.

"మొత్తం తుడిస్తే పిల్ల ఏడుస్తది. ఉంచితే బిచ్కుందోళ్లు పోతరు. కాళ్లన్న ఉండనియ్ అనుకున్న. గా వంకర ఏలు ఒక్కటి సాలు, మా అన్నేనని తెలుస్తది."

"మరి ఫోటో దిగేటప్పుడు డ్రమ్ము జరిపిందెవరు?"

"మీ అక్కనే. నాకు సైగ జేస్తే ఇద్దరం కలిసి జరిపినం, ఫోటో అయినంక మళ్ల పెట్టినం."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నీకు జెప్తే మళ్ల రంగుల డబ్బ పట్కొని వస్తవని బుగులు."

ఇలాంటి అన్యాయం ఎక్కడైనా ఉంటుందా? ఇన్నేళ్లుగా పదిలంగా కాపాడుకున్న కోపం అది. యూదుల తాత పక్షాన, కళ పక్షాన, మా నాయిన పక్షాన నేనొక్కణ్ణే మోస్తున్నాననుకున్న కోపం. దాన్ని ఆయన స్టూలు మీంచి లేవకుండానే లాగేసుకున్నాడు. అక్క కూడా ఆయనతో కలిసే ఉంది. ఇప్పుడు ఆమెను నిలదీద్దామన్నా లేదు.

ఫ్లెక్సీలో కాళ్లు రాలేదు, పాస్‌పోర్టు ఫోటోలకు కాళ్లుండవు కదా. సాయంత్రం బావ ఇంటికి వెళ్లి వాకిటి గోడ అడుగున చిన్న బ్రష్షుతో రెండు జతల పాదాలు వేశాను. వంగితే మోకాళ్లు పటపటమన్నాయి. అక్క కాళ్లకు మెట్టెలు పెడుతుంటే వెనక కర్ర చప్పుడైంది.

"డ్రమ్ము తెప్పియ్యాల్నారా?" అన్నాడు చిన్నాయిన.

"వద్దు చిన్నాయినా," అన్నాను. ఆయన కర్ర మీద వంగి చూసి, నాయిన బొటనవేలు ఇంకొంచెం వంచమన్నాడు. వంచాను. టీ వచ్చింది. ఈసారి వేడిగా ఉన్నప్పుడే తాగాను.