సైకిల్‌కు నూనె పెట్టిందెవరు

దెయ్యాల మాట ఎవరెత్తినా నవ్వి ఊరుకునేవాణ్ణి. సూరత్‌లో వ్యాయామ సైకిళ్లు బాగుచేసి బతుకుతున్నాను. చప్పుడొస్తే బేరింగ్ పోయినట్టు, మీటర్ తిరగకపోతే వైరు ఊడినట్టు. ఏదైనా విప్పితే కారణం దొరికి తీరుతుందని నా నమ్మకం. ఈ ఒక్క సైకిల్ దగ్గర మాత్రం దొరకలేదు.

పర్వత్ పాటియాలో మా పక్క గల్లీలో రాజేశం కాక ఉండేవాడు. సిరిసిల్ల వైపు మనిషి, జీవితమంతా సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద పనిచేశాడు. భార్య లచ్చవ్వ చిన్నమ్మకు మోకాలి ఆపరేషన్ అయితే పాత వ్యాయామ సైకిల్ ఒకటి కొనుక్కొచ్చాడు.

ఆ సైకిల్‌లో ఒత్తిన ఉన్నితో చేసిన ఒక మందపాటి ఫెల్ట్ ముక్క చక్రాన్ని ఒరుసుకుంటూ ఉంటుంది. ఆ రాపిడి వల్లే కాలికి బరువు తెలుస్తుంది. దానికి నూనె తగలకూడదు. కాకకేమో సాంచె నడిపేముందు నూనె పెట్టడం అలవాటు. రోజూ పొద్దున్నే ఆ ముక్కకు నూనె పట్టించి, కారింది వేస్టు దారంతో తుడిచేవాడు. దాంతో చక్రం ఉత్తినే తిరిగేది. నేను ఎన్నిసార్లు తిట్టినా వినలేదు.

"మీ చిన్నమ్మకు నొప్పైతది రా. జర అల్కగ తిరగనియ్," అనేవాడు.

కాక గుండెపోటుతో పోయాడు. దినాలయ్యాక చిన్నమ్మ మళ్లీ సైకిలెక్కింది. అప్పటికే మోకాలు సగమే వంగుతోంది. బరువుతో తొక్కకపోతే కాలు అలాగే ఉండిపోతుందని డాక్టర్ చెప్పాడట. నేను కొత్త ఫెల్ట్ వేసి వచ్చాను.

కొన్నాళ్లకు ఫోన్ చేసింది. "ఏంది బిడ్డా, మళ్ల బరువే ఉంటలేదు."

విప్పి చూస్తే ఫెల్ట్ నూనెలో తడిసి ఉంది. దానికి తెల్లటి దారప్పోగులు అంటుకుని ఉన్నాయి.

నాకు చిర్రెత్తింది. బేరింగ్ నుంచి కారిందనుకుందామంటే అందులో ఉండేది చిక్కటి గ్రీసు, ఇది పల్చటి నూనె. కాక నూనె డబ్బా ఆయన జతగాళ్లు కార్ఖానాకు తీసుకెళ్లిపోయారు. చిన్నమ్మ ఒంటరిది, కిందికి వంగలేదు. మళ్లీ కొత్త ముక్క వేసి, ఈసారి చక్రం మీది మూత చుట్టూ టేపు అంటించాను. మళ్లీ అదే ఫోన్. వెళ్లి చూస్తే టేపు అంటించినట్టే ఉంది. లోపల ఫెల్ట్ తడిగా ఉంది.

చిన్నమ్మ ఏడ్చేసింది. "కాలు గిట్లనే బిగుసుకపోతే నన్నెవరు చూస్తరు?" అంది. కాసేపటికి కళ్లు తుడుచుకుని సైకిల్ హ్యాండిల్ మీద చెయ్యి పెట్టింది.

"ఇగో, ఇంటున్నవా. నాకు నొప్పైనా మంచిదే, నేను నడవాలె. ఇగ నూనె పెట్టకు."

నేను పానా తుడుచుకుని మళ్లీ కొత్త ఫెల్ట్ వేశాను. ఆ రోజు వేసిన ఫెల్ట్‌కు మళ్లీ నూనె అంటలేదు. చిన్నమ్మ ఇప్పుడు కర్ర లేకుండా సబ్జీ మార్కెట్‌కు నడిచి వెళ్తోంది.

ఆ నూనె ఎక్కడిదో ఇప్పటికీ నాకు అంతు చిక్కలేదు. తెలిసిన మెకానిక్‌లందరినీ అడిగాను. ఎవరూ తేల్చలేదు.

మొన్న చిన్నమ్మ మళ్లీ పిలిచింది. వెళ్లి చూస్తే సైకిల్ బాగానే ఉంది. "అయినా జర ఇప్పి చూడు," అంది. విప్పాను. ఫెల్ట్‌ను వేలితో తడిమి, పొడిగా ఉన్న ఆ వేలు వాసన చూసుకుంది.

"నేనే వద్దంటి గద," అంది.

అది తడిగా ఉంటే బాగుండునని, దెయ్యాల్ని నమ్మని నాకే అనిపించింది.