దక్షిణ ముఖంగా వేసిన బల్ల

మా వదిన అనసూయ ఇక లేదని అన్న ఫోన్ చేసినప్పుడు నేను పోచారంలో కంపెనీ బస్సుల దగ్గర డ్యూటీలో ఉన్నాను. నాలుగు రోజుల జ్వరం, ఒక పూట దవాఖానా, అంతే. నేను నమ్మలేదు. ముందు ఆదివారమే ఆమెతో ఫోన్లో గొడవపడ్డాను. నా మాట ఇంకా మిగిలి ఉండగానే ఫోన్ పెట్టేసింది. అలా మధ్యలో పెట్టేయడం ఆమెకు అలవాటు. అలాంటివి గుర్తుపెట్టుకోవడం నాకు అలవాటు. ఈసారి ఆ మిగిలిన మాట వినడానికి మనిషి లేదు.

దుఃఖం గురించి రాసేముందు ఒక ఫిర్యాదు. నాచారంలో మా కాలనీ సంఘం వాళ్లు సంతాప సభ పెట్టారు, అందుకు కృతజ్ఞుణ్ని. కానీ కరపత్రంలో ఆమె పేరు కింద 'గృహిణి' అని అచ్చు వేశారు. ఇదేమిటని కార్యదర్శిని నిలదీస్తే, "ఇంట్లనే ఉండేది గదన్నా" అన్నాడు. నిజమే, ఇంట్లోనే ఉండేది. ఆ ఇంట్లో ఆమె ఆఫీసు ఉండేది. పది అడుగుల పొడవు, తొమ్మిది అడుగుల వెడల్పు ఉన్న ఆ ఆఫీసు కోసం ఆమె ఇంటిల్లిపాదితో, అందరికంటే ఎక్కువగా నాతో, పోరాడింది. ఓడిపోయినవాణ్ని కనుక ఆ సంగతి చెప్పే హక్కు నాకుంది.

వదిన నాచారంలోనే ఒక యంత్రభాగాల ఫ్యాక్టరీలో పన్నెండేళ్లు ట్రేసర్‌గా పనిచేసింది. ఇంజనీరు పెన్సిల్‌తో గీసిన బొమ్మను పల్చటి కాగితం మీద సిరాతో ఎత్తి గీయడం ట్రేసర్ పని. కంప్యూటర్లు రాగానే ఆ సెక్షన్ మూసేశారు. తోటి ఆడవాళ్లు ఉత్త చేతులతో ఇళ్లకు వెళ్లారు. వదిన మాత్రం, ఎలాగూ పారేస్తారు కదా అని అడిగి, తన డ్రాయింగ్ బోర్డును ఆటోలో వేసుకుని వచ్చింది. చుట్టుపక్కల చిన్న వర్క్‌షాపులకు డ్రాయింగులు తానే గీసిస్తానంది. దానికి ముందు గది కావాలంది.

ముందు గది అప్పుడు నాది. మా అమ్మ, అన్న, వదిన, పిల్లలు లోపలి రెండు గదుల్లో సర్దుకునేవారు. నాకు పెళ్లి కాలేదు. నా మంచం, నా టీవీ, నా స్నేహితులు, అన్నీ ఆ గదిలోనే.

ఆమె ఏ సామానూ జరపలేదు. ముందు గదిని కొలిచి, ఒక పెద్ద కాగితం మీద తగ్గించి గీసింది. బల్లకు, కుర్చీకి, బీరువాకు అదే కొలతలో అట్టముక్కలు కత్తిరించింది. సాయంత్రం ఆ కాగితాన్ని నేల మీద పరిచి, ఎవరికి ఎట్లా తోస్తే అట్లా జరిపి చూపించమంది. నాలుగు రోజులు మా ఇంట్లో ఇదే కాలక్షేపం. బల్ల మూలకు ఉండాలని అన్న, తలుపుకు ఎదురుగా ఉండాలని నేను, వంటింటికి దగ్గరగా ఉంటే మంచిదని అమ్మ. మూడో రోజు కాని నేను గమనించలేదు, నా మంచానికి అట్టముక్కే లేదు.

అడిగాను. తలెత్తకుండా జవాబిచ్చింది.

"నీ మంచం పగటీలి ఉత్తగనే ఉంటది శ్రీశైలం. నా బల్లకు పగలే పని. నువ్వు చెప్పు, గదిల ఏది ఉండాలె?"

నా మంచం నడవాలోకి పోయింది. పెళ్లయి బోడుప్పల్‌లో కాపురం పెట్టేదాకా, మూడేళ్లు, ఇంట్లో ఎవరు నీళ్లకు లేచినా నా కాళ్లు దాటుకునే పోయారు. ఆమె క్షమాపణ చెప్పలేదు. ఇప్పుడు నివాళి రాస్తున్నాను కదా అని దాన్ని కొట్టివేయను.

బల్ల ఎటు తిరగాలన్నది అసలు పేచీ. గదికి కిటికీ ఒకటే, తూర్పున. లోపలికి తలుపు ఉత్తరాన. వదిన బల్లను దక్షిణం వైపు వేసింది. అమ్మ మంచినీళ్లు కూడా ముట్టకుండా కూర్చుంది. ఒకటి, దక్షిణం యముడి దిక్కు. రెండు, అట్లా కూర్చుంటే లోపలి నుంచి వచ్చే ప్రతివాళ్లకూ కోడలి వీపు కనబడుతుంది. అత్త గదిలోకి వస్తే కోడలు వీపు పెట్టుకుని కూర్చోవడం మా వైపు చిన్న తప్పు కాదు. మా మేనమామ ఉప్పల్ నుంచి పనిగట్టుకుని వచ్చి, బల్లను తూర్పుకు తిప్పమని తీర్పు చెప్పి భోజనం చేసి వెళ్లాడు.

వదిన అమ్మను చెయ్యి పట్టుకుని తెచ్చి ఆ కుర్చీలో కూర్చోబెట్టింది. తూర్పుకు తిరిగితే వెలుతురు కళ్లలో కొడుతుందని చూపించింది. ఉత్తరానికి తిప్పి, చేతికి పెన్సిల్ ఇచ్చింది. కుడి పక్కనుంచి పడే వెలుతురుకు అమ్మ చెయ్యి నీడ సరిగ్గా గీత మీదే పడింది.

"అత్తమ్మా, ముగ్గు మీద నీ నీడ పడితే ఏం జేస్తవ్?"

"ఏం జేస్త. ఇటు జరుగుత."

"నేను గూడ గదే జరిగిన."

అమ్మ పెన్సిల్ బల్ల మీద పెట్టింది. తర్వాత లేచి వెళ్లి అన్నం పెట్టుకుంది. ఆ మర్నాటి నుంచి పదింటికి తలుపు మూసేది అమ్మే. ఐదింటిదాకా తలుపు బయట పీట వేసుకుని, బియ్యం ఏరుకుంటూ, వచ్చినవాణ్నల్లా ఆపేది. నా స్నేహితులు క్రికెట్ చూడటానికి వస్తే, "కోడలు పనిల ఉన్నది, మీకు పని లేదా" అని పంపేసింది. కన్నతల్లి అట్లా ఫిరాయిస్తుందని నేను అనుకోలేదు.

పీర్జాదిగూడలో ప్లాటు కొన్న ఒక పెద్దమనిషి ఇంటి ప్లాను గీయించుకోవడానికి వచ్చి, నిలబడే "సార్ లేడా" అని అడిగాడు. నేను అక్కడే ఉన్నాను. వదిన ఆ గీత పూర్తయ్యేదాకా వెనక్కి తిరగలేదు. తిరిగి, "సార్ ఫ్యాక్టరీకి పోయిండు. గీసేది నేను. కూసుంటవా, పోతవా?" అంది. ఆయన కూర్చున్నాడు. తర్వాత తన తమ్ముణ్ని కూడా పంపించాడు.

బోర్డు కాలం చెల్లుతోందని ఆమెకు అందరికంటే ముందే తెలుసు. నలభై దాటాక ఉప్పల్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో చేరి, ఇరవై ఏళ్ల పిల్లల మధ్య కూర్చుని కంప్యూటర్ మీద గీయడం నేర్చుకుంది. కంప్యూటర్ వచ్చాక దిక్కు ఏదైతేనేం, ఇప్పుడన్నా తిప్పమని మేనమామ మళ్లీ కబురంపాడు. కిటికీ ఎదురుగా ఉన్నా, వెనకగా ఉన్నా తెర కనబడదని, బల్ల ఉన్నచోటే ఉంటుందని తిరుగు కబురంపింది. తెలంగాణ కోసం బందులు నడిచిన రోజుల్లో వర్క్‌షాపుల షట్టర్లు పడేవి. ఆమె తలుపు మాత్రం ఎప్పటిలాగే పని కోసం పదింటికి మూసుకునేది. "గీత తప్పితే ఇనుము తప్పుతది, తొందరేం లేనప్పుడే మంచిగ గీయాలె" అనేది. రాష్ట్రం వస్తుందని ఖాయమయ్యింది. వచ్చే రోజు చూడకుండానే పోయింది.

దినాల నాడు మేనమామ అందరిలో అన్నాడు: "పదేండ్లు దక్షిణానికి మొకం పెట్టి కూసున్నది. గప్పుడే చెప్పిన. ఇన్నదా?"

తలలు ఊపినవాళ్లు ఉన్నారు. ఎవరెవరో నాకు గుర్తుంది. నేను ఊరుకోలేదు. ఫ్యాక్టరీలో పన్నెండేళ్లు ఆమె కూర్చున్నది తూర్పు ముఖంగా. అక్కడ ఆమె బతుకుదెరువు పోయింది. దక్షిణ ముఖంగా కూర్చుని దాన్ని మళ్లీ సంపాదించింది. జ్వరం దిక్కులు చూసి రాలేదు. ఇంకొకసారి ఎవరన్నా ఆ మాట అంటే, విస్తరి ముందున్నా సరే, లేపి పంపుతానన్నాను. మామ అలిగి వెళ్లాడు. వెళ్లనీ.

ఆ సాయంత్రమే పెద్దలు ఇంకో ఆలోచన చేశారు. అన్న ఒంటరివాడయ్యాడు, అమ్మకు చేతకాదు, నేను భార్యాపిల్లలతో వచ్చి ముందు గదిలో ఉండాలట. "గది నీదే గదా మొదట్ల. నీకు అన్యాయమైందని నువ్వే అంటుంటివి" అన్నారు. అన్నాను, నిజమే. పదేళ్లుగా ప్రతి పెళ్లిలో, ప్రతి పండుగలో అన్నాను. ఇప్పుడు ఆ న్యాయం నాకు వద్దన్నాను. ఏ ఆఫీసులోనైనా అధికారి పోతే దినాలు కాగానే అక్కడ పరుపులు పరుస్తారా? అన్న నోరు విప్పింది అప్పుడే. "బల్ల జరుపకున్రి" అన్నాడు, అంతే.

ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారని అడుగుతున్నారు. ఎవరూ కూర్చోరు. మాలో ఎవరికీ ఆ పని రాదు. వర్క్‌షాపులవాళ్లు కొలిచి డ్రాయింగు గీయించుకోవడానికి అరిగిపోయిన యంత్రం ముక్కలు గుడ్డలో చుట్టుకుని ఇంకా వస్తూనే ఉన్నారు. వాళ్లను ఎక్కడికి పంపాలో తెలియక అమ్మ పీట మీద కూర్చోబెట్టి టీ ఇస్తోంది. ఆ లోటు తీరేది కాదని నాకు తెలుసు, తీరిందని నటించను. కరపత్రం మళ్లీ అచ్చు వేయాలని సంఘానికి రాతపూర్వకంగా ఇచ్చాను. అనసూయ, డ్రాఫ్ట్స్‌మన్, నాచారం అని ఉండాలి. వేసేదాకా వాళ్ల ఏ సభకూ రాను, వాళ్లనూ ప్రశాంతంగా జరుపుకోనివ్వను.

వదినా, ఇందులో నీకు నచ్చని మాటలుంటే ఉండనీ. ఈసారి ఫోన్ పెట్టేయడానికి నువ్వు లేవు, అదొక్కటే నేను ఓర్చుకోలేకపోతున్నాను.