పలకల గదిలో నాయన దగ్గు

ఈ పొద్దు నాయనను మ్యూజియంకు తీసకపోయినా. మార్కాపురం పలకలకు అక్కడ ఒక గది పెట్టినారంట. ముప్పై ఏండ్లు పలకలు కోసిన మనిషి దాన్ని చూడాలని నా ఆశ. అద్దాల పెట్టెలో పలకలు కనపడగానే నాయన అలవాటు కొద్దీ తువ్వాలు ముక్కుకు కట్టుకున్నాడు.

గోడ మీద పలకల ఫ్యాక్టరీల ఓనర్ల ఫొటోలు, పక్కన ఏదో రాత. నాయనకు చదువు రాదు, నేనే చదివి వినిపించినా. మన పలకలు ఎందరో పిల్లలకు అక్షరాలు నేర్పినాయంట.

"కోసినోళ్ల పేర్లు ఉండాయా?"

"లేవు నాయనా."

"మా రొమ్ముల్లో చేరిన పలకల దుమ్ము సంగతి?"

"అదీ లేదు."

అంతలో నాయనకు దగ్గు తెర వచ్చింది. కాపలా ఆయన వచ్చి, "పెద్దాయనా, బయటికి పోయి దగ్గుకో. ఇది మ్యూజియం" అన్నాడు. నేను మీదికి పోబోయినా. నాయన నా చెయ్యి పట్టుకొని, "తప్పయింది సార్" అని ఆయనకే చెప్పి బయటికి నడిచినాడు.

ఆ గదిలో పలకల గురించి నిజం చెప్పింది ఆ దగ్గొక్కటే. దాన్నే బయటికి పంపినారు.

మీ ఇండ్లల్లో పలకల పనికి పోయినోళ్ల పేర్లు కింద కామెంట్లలో రాయండి. కాగితం మీద రాసుకపోయి ఆ ఫొటోల పక్కనే అంటిస్తా, ఎవరు ఆపుతారో చూస్తా. మొదటి పేరు నేనే రాస్తా: మా నాయన కాశయ్య, కోత మిషను.