వెనక్కి తెచ్చిన పరస్థానం

దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళంటే నాకు పడేది కాదు. ఎవరైనా మొదలుపెడితే మధ్యలో ఆపి, ఎప్పుడు, ఎక్కడ, చూసింది మీరేనా అని అడిగి, వాళ్ళు నీళ్ళు నమిలేదాకా వదిలేవాణ్ణి కాదు. అలాంటి నేనే ఇప్పుడు ఇది రాస్తున్నాను. నన్ను కూడా అలాగే నిలదీయండి, నాకేం అభ్యంతరం లేదు.

నా కాలేజీ చదువు డిగ్రీ రెండో ఏడుతో ఆగిపోయింది. మిగతాదంతా గ్రంథాలయం చదువే. ఐనవిల్లి దగ్గర మా ఊరు. అమలాపురం వెళ్ళి శాఖా గ్రంథాలయంలో కూర్చుంటే, తలుపులు వేసేవాళ్ళు వచ్చి భుజం తట్టేదాకా లేచేవాణ్ణి కాదు. ఖగోళం, మనస్తత్వశాస్త్రం, రేడియో మరమ్మత్తు, ఏది దొరికితే అది చదివాను. కంప్యూటర్ ప్రోగ్రామింగ్ మీద మొదట్లో పేజీలు లేని ఒక పాత పుస్తకం ఉండేది. అసలు కంప్యూటర్ ముట్టుకోకముందే, దాన్ని చూసి కాగితాల మీద ప్రోగ్రాములు రాసుకున్నాను. మనిషి లేని చోట మనిషి కనిపించడం, పిలవని పిలుపు వినిపించడం, వీటన్నిటికీ పుస్తకాల్లో కారణాలున్నాయి. అవన్నీ నాకు తెలుసుననుకునేవాణ్ణి.

రెండు వేల అయిదారు ప్రాంతంలో అమలాపురం బస్టాండు ఎదురుగా ఒక నెట్ సెంటర్లో పనిచేసేవాణ్ణి. ఖాళీ దొరికినప్పుడు, చిన్న గ్రంథాలయాలు తెలుగులో వాడుకోవడానికి ఒక ప్రోగ్రాం రాశాను. ఏ పుస్తకం అలమరలో ఉంది, ఏది బయటికి వెళ్ళింది, ఎవరి దగ్గరుంది అని చూపిస్తుంది. దాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని ఇంటర్నెట్‌లో పెట్టాను. తెలుగులో సాఫ్ట్‌వేర్ రావాలని తాపత్రయపడే కొందరు హైదరాబాదులో ఏటా ఒక సభ జరుపుకుంటారు. వాళ్ళలో కిరణ్ అనే ఆయన అది చూసి, శనివారం పొద్దున్న సభలో మాట్లాడమని మెయిల్ పంపాడు. ఇరవై నిమిషాలు ఇస్తామన్నాడు.

ఆ ఇరవై నిమిషాలు నాకు ఎంత ముఖ్యమో చెప్పలేను. డిగ్రీ లేనివాణ్ణి, నెట్ సెంటర్లో గంటల లెక్క చూసుకునేవాణ్ణి. ఇంజినీర్ల ముందు నిలబడి, ఇది నేను చేశానని ఒక్కసారి చెప్పుకోవాలి. అంతకన్నా నాకేమీ అక్కర్లేదు.

శుక్రవారం సాయంత్రం బస్సు. అమ్మ పంచాంగం చూసి ఒప్పుకోలేదు. శుక్రవారం పడమటికి వారశూలట, అటు ప్రయాణం కూడదట, హైదరాబాదు మాకు పడమరట. ఇలాంటప్పుడు మా వైపు పరస్థానం పెడతారు. మంచి రోజు చూసి, కట్టుకునే బట్టలు సంచిలో సర్ది, పోయే దిక్కున వేరే ఇంట్లో పెట్టి వస్తారు. దాంతో ప్రయాణం ఆ రోజే మొదలైనట్టు లెక్క. తరవాత ఏ రోజు బయల్దేరినా ఆ ఇంటికి వెళ్ళి, సంచి తీసుకుని, అటునించి అటే పోవాలి. ఆ సంచి మాత్రం తిరిగి ఇంటికి రాకూడదు.

గురువారం పొద్దున్న అమ్మ కొత్త చొక్కా కాలరుకి పసుపు రాసి సంచిలో పెట్టింది. ప్రోగ్రాం ఉన్న సీడీ, ప్రసంగం కాగితాలు కూడా అందులోనే పెట్టించింది. కాలువ వంతెన అవతల మా మేనత్త సత్యవతి ఇల్లుంది. నవ్వుకుంటూనే అక్కడ పెట్టి వచ్చాను. నాన్న మస్కట్‌లో ఉండేవాడు. ఇంట్లో అమ్మా నేనే. ఆమె మాట తీసెయ్యడం ఎందుకనిపించింది.

ఆ సాయంత్రమంతా ఇంట్లోనే ఉన్నాను. ఇది గుర్తుపెట్టుకోండి. అమ్మ గోరుచిక్కుళ్ళు తుంపుతూంటే, ఆమె ఎదురుగా నిలబడి నా ప్రసంగం అప్పజెప్పాను.

అంతా విని అమ్మ, "ఒకడు పుస్తకం రాయించుకున్నాక మనసు మారి, తీసుకెళ్ళకుండా అక్కడే పెట్టేస్తేనో? మీ అత్తయ్య చీరల కొట్లో చేసినట్టు?" అంది.

ఆలోచిస్తే అమ్మ అన్నది నిజమే. అలా చేస్తే నా ప్రోగ్రాం ఉన్న ఒక్క పుస్తకాన్నే రెండుగా చూపిస్తుంది. అలమరలో ఒకటి, బయట ఒకటి. సభలో ఎవరైనా అదే అడిగితే నా పరువేం కావాలి? సరిచెయ్యాలంటే ఆ సీడీ కావాలి. నెట్ సెంటర్లో ఉన్నది పాత కాపీ.

శుక్రవారం పొద్దున్నే అత్తయ్య ఇంటికి వెళ్ళాను. సీడీ ఒక్కటే తీసుకుంటే సరిపోయేది. కానీ సంచిలో ప్రసంగం కాగితాలు కూడా ఉన్నాయి, అన్నీ కావాలి. సంచి భుజాన వేసుకున్నాను.

అత్తయ్య గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "ఒరేయ్ శీనూ, ఇటునించి ఇటే బస్సుకి పోతావా, మళ్ళీ ఇంటికా?"

"ఇంటికే అత్తయ్యా. సాయంత్రం వెళ్తాను."

"ఆయ్, పుస్తకాలు చదివినోడివి కదా నాయనా, మాకేం తెలుసు! మీ అమ్మ అడిగితే నేను ఇవ్వలేదని చెప్పు, నువ్వే లాక్కుపోయేవని చెప్పు" అని తప్పుకుంది.

నేను సంచితో ఇంట్లోకి రాగానే అమ్మ చేతిలో చెంబు కింద పెట్టేసింది.

"ఇందాక నువ్వేనా ఫోన్ చేసింది?" అని అడిగింది.

నేను చెయ్యలేదు. అత్తయ్య ఇంట్లో ఫోనే లేదు. కానీ నేను వంతెన దాటి వెళ్ళిన కాసేపటికి మా ఇంటి ఫోన్ మోగిందట. నా గొంతుతో, "చేరేనమ్మా, బాగానే ఉన్నాను" అని చెప్పి పెట్టేశారట. దారిలో ఎక్కడినుంచో చేసి ఆటపట్టిస్తున్నాననుకుందట అమ్మ.

రాంగు నంబరన్నాను. ఎవరి కొడుకో, గొంతులు ఫోన్లో ఒక్కలాగే ఉంటాయన్నాను. అమ్మ నా భుజం మీద సంచినే చూస్తోంది.

"నీ ప్రయాణం నిన్ననే బయల్దేరిందిరా," అంది. "సంచి వెనక్కి తెచ్చేవు. వెళ్ళిందాన్ని ఎలా తెస్తావు?"

మళ్ళీ అత్తయ్య ఇంట్లో పెట్టిరమ్మని బతిమాలింది. టైం లేదని చెప్పి, ఆ సంచితోనే అమలాపురం బయల్దేరాను.

నెట్ సెంటర్ యజమాని రాంబాబుగారు నన్ను చూసి కుర్చీలోంచి లేచిపోయారు. "అదేంటండీ, మీరు నిన్న సాయంత్రమే బస్సెక్కేరు కదా? కిటికీ పక్కనే కూర్చున్నారు. చెయ్యెత్తితే పలకలేదు. స్పీకరుగారైపోయేరు, ఇంక మనతో ఏం పని అనుకున్నానండీ!"

ఆయనకి దూరపుచూపు అంతంతమాత్రం. ఆ మాటే ఆయనతో అని, నవ్వేసి పనిలో పడ్డాను. తప్పు సరిచేసి, కొత్త సీడీ రాసుకుని, సాయంత్రం బస్సెక్కాను.

ఆ బస్సు దారిలో చెడిపోయింది. ఇంకో బస్సు వచ్చి మమ్మల్ని ఎక్కించుకునేసరికి తెల్లారింది. హైదరాబాదులో సభ జరిగే కాలేజీకి చేరేసరికి అందరూ భోజనాలు చేసి చేతులు కడుక్కుంటున్నారు. నా వంతు పొద్దున్నే అయిపోయింది. కాళ్ళావేళ్ళా పడైనా సరే, సాయంత్రం కాస్త సమయం అడగాలనుకుంటూ మెట్లెక్కాను.

మెట్ల మీద ఎవరో కుర్రాళ్ళు నాకు నమస్కారం పెట్టారు. నేను వాళ్ళని ఎప్పుడూ చూడలేదు.

కిరణ్‌ని కూడా అదే మొదటిసారి చూడటం. ఆయన మాత్రం పాత స్నేహితుడిలా వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "మీరింకా వెళ్ళలేదా? ఇంటికెళ్ళాలి, అమ్మ ఎదురుచూస్తుంటుందని భోజనానికి కూడా ఆగలేదు కదండీ! అరె, చొక్కా కూడా మార్చేశారే. కాలరుకి పసుపుతో వచ్చిన మొదటి ప్రోగ్రామర్ మీరేనని ఇందాకటి నుంచీ అందరం అనుకుంటున్నాం."

నేను ఇప్పుడే వచ్చానన్నాను. నేను మాట్లాడలేదన్నాను. ఆయన నవ్వాడు. ఎందుకంత మొహమాటం, చాలా బాగా చెప్పారు, ఆ ఒక్క ప్రశ్న దగ్గరే కాస్త తడబడ్డారన్నాడు.

"ఏం ప్రశ్న?"

"అదే, రాయించుకున్న పుస్తకాన్ని తీసుకెళ్ళకుండా వదిలేస్తే రెండు కనిపిస్తున్నాయి కదా. మీరు పాపం అసలు ఊహించనే లేదు. చాలాసేపు తెర వైపే చూస్తూ ఉండిపోయారు."

"అది నేను నిన్ననే సరిచేశానండీ," అన్నాను.

"మరి పొద్దున్న ఆ మాట చెప్పలేదేం?" అన్నాడు కిరణ్.

పక్కకి వెళ్ళి సంచి విప్పాను. కొత్త చొక్కా అమ్మ పెట్టిన మడతలోనే ఉంది. పసుపు కాలరు మీద గట్టిపడి ఉంది. ఎవరూ వేసుకోలేదు.

నాకు వచ్చినన్ని కారణాలూ అక్కడే నిలబడి వెతికాను. నా కాగితాల కాపీ కిరణ్‌కి ముందే మెయిల్లో పంపాను, కాబట్టి ఎవరో వాటిని చదివి నా బదులు మాట్లాడి ఉండొచ్చు. ఎందుకు? డబ్బు రాదు, ఉద్యోగం రాదు. చొక్కాకి పసుపుందని ఎవరికి తెలుసు? గురువారం పొద్దున్న సంచి పెట్టే వేళకి నాకు తెలిసినదంతా ఆ మాట్లాడినవాడికి తెలుసు. ఆ సాయంత్రం అమ్మ అడిగిన ప్రశ్న మాత్రం తెలీదు. ఫొటోలు పంపుతానన్నాడు కిరణ్. వద్దన్నాను. ఆ మాటన్నందుకు ఈ రోజుకీ బాధపడటం లేదు.

నా ఇరవై నిమిషాలు ఎవరో వాడేసుకున్నారు. అప్పుడు నన్ను పట్టుకున్నది మాత్రం ఆ దుఃఖం కాదు. వాడు ఇంటికెళ్తానని చెప్పి వెళ్ళాడు. వాడి ఇల్లంటే మా ఇల్లే.

బయట టెలిఫోన్ బూత్ నుంచి ఇంటికి ఫోన్ చేశాను. నేను పొద్దున్నకి వస్తాను, ఈలోగా ఎవరొచ్చి పిలిచినా తలుపు తియ్యొద్దు, అత్తయ్యని తోడు తెచ్చుకోమని చెప్పాను.

అమ్మ "నువ్వు పిలిచినా?" అంది.

"నేను పిలిచినా."

ఆదివారం పొద్దున్న ఊళ్ళో దిగాను. మా వైపు పగలు వీధితలుపు వెయ్యరు. ఆ రోజు మా తలుపు వేసి ఉంది. పిలిస్తే లోపల గడియ దగ్గరకి అమ్మ వచ్చిన చప్పుడైంది, తియ్యలేదు.

"మొన్న శుక్రవారం పొద్దున్న నీకేం టిఫిన్ పెట్టేను?" అని అడిగింది.

"పొట్టిక్కలు. బుట్టలకి పనసాకులు నేనే కోసుకొచ్చాను."

అప్పుడు తీసింది. ఎవరూ రాలేదంది. అత్తయ్య మాత్రం, "పెద్ద సభలో మాట్లాడొచ్చినోడికి గుమ్మంలోనే పరీక్షా?" అని నవ్వింది. ఆ నవ్వు అమ్మా నేనూ అందుకోలేదు.

అప్పటినుంచి నేను ఎప్పుడు ఇంటికొచ్చినా అమ్మ తలుపు అవతలినుంచి అదే అడిగేది. మొదట్లో చిరాకు పడేవాణ్ణి. నెలలు గడిచేసరికి చెప్పులు విప్పుతూనే "పొట్టిక్కలు" అనడం అలవాటైపోయింది.

ఆ ఏడాది చలికాలంలో పని మీద కాకినాడ వెళ్ళి, ఒక రాత్రి అక్కడే స్నేహితుడి గదిలో ఉండిపోయాను. మర్నాడు ఇంటికొచ్చి పిలిస్తే అమ్మ అడిగింది, జవాబు చెప్పాను. తలుపు తీసింది. కానీ సంచి అందుకోవడానికి చెయ్యి చాపబోయి వెనక్కి తీసుకుంది.

"నిన్న మధ్యాహ్నం ఇలాగే వచ్చి పిలిచేవు," అంది. "అడిగేను. చాలాసేపు ఆలోచించేవు. గుర్తులేదమ్మా, ఆకలేస్తోంది, తలుపు తియ్యి అన్నావు. నీ గొంతేరా. చిన్నప్పుడు జ్వరమొస్తే ఎలా అడిగేవాడివో అలాగే అడిగేవు."

"తీసేవా?"

"తియ్యలేదు. చప్పుడు ఆగేక ఓరగా తీసి, అరుగు మీద కంచంలో అన్నం పెట్టి మళ్ళీ వేసేసేను."

వెనక్కి తిరిగి చూశాను. వచ్చేటప్పుడు గమనించలేదు. అరుగు మీద కంచం కడిగి బోర్లించి ఉంది. దాని మీద గ్లాసు కూడా బోర్లించి ఉంది. మా ఇంట్లో అలా పెట్టేది నేనొక్కణ్ణే.

ఎవరో ముష్టివాడు తిని వెళ్ళాడనుకోవచ్చు. కొడుకు మీద బెంగతో అమ్మ ఏదో విన్నదనుకోవచ్చు. ఇంకొకళ్ళు చెబితే నేనూ అదే అని ఉండేవాణ్ణి. తరవాత గ్రంథాలయంలో దొరికిన పుస్తకమల్లా తిరగేశాను. ఏ కారణమూ మొదటి నుంచి చివరిదాకా సరిపోలేదు. మళ్ళీ ఏ సభలోనూ మాట్లాడటానికి ఒప్పుకోలేదు.

అమ్మ ఆ ప్రశ్న మానలేదు. కొన్ని మధ్యాహ్నాలు, నేను లోపల కూర్చుని అన్నం తింటూంటేనే, ఇంకో కంచం తీసుకెళ్ళి అరుగు మీద పెట్టి తలుపు వేస్తుంది. నేను వద్దనను. సాయంత్రం ఆ కంచం ఎలా ఉందో మాత్రం ఎప్పుడూ చూడలేదు. అమ్మే వెళ్ళి తెస్తుంది.