బంధుత్వం గడిలో రాణి

బ్రిటన్ రాణి మరణించిన, ఆ దేశం ముగ్గురు ప్రధానులను చూసిన సంవత్సరాన్ని నేను సౌదీలో యాన్బులోని మా మెయింటెనెన్స్ ఆఫీసు నుంచి, ఒక సెలవు ఫారం మీదుగా గమనించాను. మా మేనేజరు ఆంగ్లేయుడు. ఆ జులైలో తన దేశంలో ఎండ నలభై డిగ్రీలు దాటిందని, జనం ఎలా తట్టుకుంటారని మా ముందు వాపోయాడు. అప్పుడు మా యార్డు థర్మామీటరులో నలభై నాలుగు. ఆ రీడింగును లాగ్‌బుక్కులో రాసింది నేనే, ఎవరూ వాపోలేదు.

సెప్టెంబరులో రాణి పోయారు. మర్నాడు జగిత్యాల దగ్గరి ఊళ్లో మా పైపు ఫిట్టరు వాళ్ల అన్న పోయాడు. తండ్రి లేని ఇంట్లో ఇతణ్ణి పెంచినవాడు ఆ అన్నే. దహనానికి ఎలాగూ అందలేడు. పదకొండో రోజుకైనా చేరాలని అత్యవసర సెలవు పెట్టుకున్నాడు. మేనేజరు సంతకం లేనిదే దేశం దాటి తిరిగి రావడానికి ఎగ్జిట్ రీఎంట్రీ వీసా రాదు. ఆయన ఫారం తిప్పి పంపాడు. 'మృతులతో బంధుత్వం' అన్న గడిలో ఉన్నవి నాలుగే: తల్లి, తండ్రి, భార్య, సంతానం. అన్న లేడు.

ఫిట్టరు నా బల్ల దగ్గర నిలబడి మెల్లగా అన్నాడు: "ఆళ్ల రాణిని పదొద్దులు ఉంచి సాగనంపుతుండ్రంట సార్. మా అన్న దినాలకు నేను పోతే వీళ్ల పైపులు పలుగుతయా?"

మూడు రోజులకు మేనేజరు సొంత సెలవు ఫారమే నా దగ్గరికి వచ్చింది. రాణి అంత్యక్రియల రోజున జెద్దాలో తన దేశస్థులతో కూర్చుని టీవీ చూడాలట. ఫారాలు పూర్తిగా నింపారో లేదో పరీక్షించడం నా పని. బంధుత్వం గడి ఖాళీ. అసంపూర్ణమైన ఫారం ముందుకు కదలరాదన్న నియమం ఆయన పెట్టిందే. ఫిట్టరు ఫారాన్ని దానికి జత చేసి, రెండూ మేనేజరు దగ్గరికి పట్టుకెళ్లాను. దేనికి టిక్కు పెట్టమంటావని అడిగాడు.

"జాబితాలో రాణి కూడా లేరు సార్."

ఆయన రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టుకున్నాడు. తన ఫారంలో జాబితా కింద 'ఇతరులు' అని రాసి టిక్కు పెట్టాడు. ఫిట్టరుదానిలోనూ అలాగే చేశాడు. చేతిరాత సవరణ పక్కన పొట్టి సంతకం, తేదీ ఉండాలని గుర్తుచేశాను. రెండింటిమీదా వేశాడు.

రెండు కర్మలూ ఒకే రోజున పడ్డాయి. ఆయన జెద్దాలో నల్ల టై కట్టుకున్నాడు. ఇతడు ధర్మపురిలో గోదావరి ఒడ్డున గుండు చేయించుకున్నాడు.

ఫిట్టరు తిరిగొచ్చేసరికి లండన్‌లో మూడో ప్రధాని వచ్చాడు. 'ఇతరులు' చేర్చిన మా ఫారం రెండో రివిజన్ మాత్రం ఇంకా ఆమోదం కోసం తిరుగుతోంది. ఫిట్టరు జుట్టు అప్పటికి సెంటీమీటరు పెరిగింది. మేనేజరు అది చూసి, ఈ ఎండలకు హాయిగా ఉందా అని అడిగాడు.

ఫిట్టరు నా వైపు తిరిగాడు. "ఎంటికెలు మా అన్నకిచ్చిన్నని చెప్పుండ్రి సార్."